బాపు కథలో బండివాడి చావు

మా బాపు, అంటే మా నాన్న, నిజాం కాలపు బడిలో చదివాడు. ఆయనకు రాయడం వచ్చింది ఉర్దూ ఒక్కటే, నాకేమో అది రాదు. ఆయన పోయాక, ఆయన రాసిన కథ ఒకటి విడికాగితాలుగా దొరికితే కుట్టించి, ఆయన పేరుతో అచ్చు వేయిద్దామని, ఈ రోజు బోధన్ నుంచి రిటైరైన ఉర్దూ సార్‌ను చదివి చెప్పమని కంఠేశ్వర్‌లోని మా ఇంటికి పిలిచాను.

సార్ రెండు పేజీలు చదివి కళ్లద్దాలు తీశారు. "ఏం కథ అన్నా ఇది? చెరుకు బండాయన ముందు సచ్చిపోయిండు, తర్వాత చాయ్ తాగుతుండు!"

తప్పు నాదే. తెలుగు పుస్తకంలా ఎడమ పక్క కుట్టించాను. ఉర్దూ పుస్తకం కుట్టు కుడి పక్క ఉంటుంది; ఆ అలవాటున సార్ వెనక అట్ట వైపు నుంచి తెరిస్తే ముగింపే ముందొచ్చింది.

మంచం మీద పడుకున్న మా అవ్వ, అంటే మా అమ్మ, తొంభై దాటిన మనిషి, లేచి కూర్చుంది.

"సచ్చిపోయిండా? గా కథ నేను చెప్తేనే మీ బాపు రాసిండు. నేను చెప్పిన బండాయన మంచిగ ఇల్లు చేరిండు!"

"గా జమానాల ఉర్దూ కథంటే ఆఖరికి ఎవలన్న సావాలె అమ్మా. లేకుంటే పత్రికోళ్లు వెయ్యకపోదురు," అన్నారు సార్.

"నాకు సదువు రాదని ఇన్నేండ్లు దాచిండు సూడు!"

కథ అవ్వది, చావు బాపుది, తారుమారు కుట్టు నాది. అచ్చులో ఎవరి పేరు వేయాలో నాకైతే తోచడం లేదు, మీరే చెప్పండి. అవ్వనడిగితే, "పేరు ఎవలదన్న పెట్టు గని, ముందుగాల గా బండాయనను ఇంటికి తోలు" అంటోంది.