పేలాలె, పగలొద్దు

మెదక్‌ల దిగిన్నాడు ముసురు. లారీ మీద తార్పాలు చినిగి ఉండె. బట్టలు, బూట్లు, బిస్తరు అన్నీ తడిసినయి. చర్చి బురుజు మబ్బుల సగమే కనవడుతుండె. పోలీస్ యాక్షన్ అయిపోయి కొన్ని నెలలే. నిజాం సర్కారు పోయింది, కొత్త సర్కారు ఇంక కుదురుకోలే. అడివి పక్క ఊర్లల్ల కమ్యూనిస్టు దళాలు తిరుగుతున్నయి. మా పట్టాలాన్ని మూతవడ్డ బియ్యం మిల్లుల ఉంచిండ్రు.

నేను కుల్చారం పక్కోన్నే. పెద్ద లడాయప్పుడు పట్టాలంల జేరిన. తుపాకులు మరమ్మతు చేసుడు నేర్సిన. నాయక్‌నైన. సొంత జిల్లాకే డ్యూటీ పడ్డది, మస్తు ఖుషీగ ఉండొచ్చు అనుకుంటరు మీరు. ఏం ఖుషీ! ఇంటికి పోనిస్తలేరు. బజార్ల నడుస్తుంటే మనోళ్ళే నా వర్దీ జూసి తలుపులేసుకునేటోళ్ళు. తెలుగుల పలకరిస్తే ఇంకింత భయపడేటోళ్ళు. అన్నం తింటే అరగకపోయేది. పండుకుంటే నిద్ర రాకపోయేది. ఊకె లేశి మిల్లు గేటు కాడికి పోయి వచ్చేటోన్ని.

నా పని జప్తు చేసిన ఆయుధాలు. గోదాంల కుప్ప పోసిండ్రు. తల్వార్లు, నాటు బర్మారు తుపాకులు, దొరల గడీలకెంచి తెచ్చిన షికారు తుపాకులు. వాటిల సగం తుప్పు, సగం జిడ్డు. పక్క అర్రల వైర్లెస్ ఆయన కూసునేది. అరవాయన, మస్తు ఎటకారం మనిషి. శివ్వంపేట దిక్కు చౌకీ నుంచి అడుగుతరు: “రోడ్డు సాఫేనా?” ఈయన అంటడు: “నిన్న సాఫే. ఇయ్యాల్టి సంగతి మీకే తెలవాలె. ఓవర్.”

ఒక దినం సుబేదార్ సాబ్ ఒక పెద్దమనిషిని ఎంటేసుకొని వచ్చిండు. గిర్దావర్ సాబ్. ఊర్లల్ల భూముల లెక్కలు, శిస్తు చూసే సర్కారు నౌకరు. సన్నటి మనిషి, తలకు రుమాలు. శివ్వంపేట దిక్కు ఊర్లకు పొమ్మని ఆయనకు హుకుం అయింది. ఆయనెంట నేను, నలుగురు సిపాయిలు పోవాలె. ఆయన చేతుల తువ్వాల మూట ఉన్నది. ఇప్పిండు. లోపల పాత రివాల్వర్.

సుబేదార్ పంజాబాయన. హిందీల అన్న మాట మన తెలుగుల జెప్తే ఇంతే: “జర చూడు నాయక్. పేలాలె, పగలొద్దు.”

చెప్పుడు అల్కనే. చేసెటోనికి తెలుస్తది.

“ఏడిది సాబ్ ఇది?” అని గిర్దావర్ సాబ్‌ను అడిగిన.

“మా బాపుది. షికార్ల ఒక ఇంగ్లీసు దొర ఇచ్చిండు.”

పట్టి చూసిన. బాపు కాలంది కాదు, తాత కాలంది. నాళం లోపల గుంతలు వడ్డయి. తూటాలు వట్టే సిలిండర్‌ను వేలుతోని కదిలిస్తే జర ఊగుతున్నది. దాని గోడలు పలుచన. ఆయన కాడ రెండు తీర్ల తూటాలున్నయి. ఒకటి వాళ్ళ బాపు డబ్బా. అన్నిటికీ పచ్చటి చిలుము, రెండిట్ల సన్న చీలికలు. ఇంకోటి కొత్త తూటాలు, తళతళ మెరుస్తున్నయి. సికింద్రాబాద్‌ల దోస్తు ఇచ్చిండంట.

“ఇవి వెయ్యి,” అన్నడు. ఒకటి తీసి సిలిండర్ల వేసి చూపెట్టిండు. టక్కున కూసుంది. “చూసినవా, పట్టింది!”

“పట్టుడు వేరు సాబ్, ఓర్సుకునుడు వేరు.”

ఆయన మూతి ముడుసుకున్నడు. నేను పట్కారు వట్టి ఆ తూటా తల గుంజి, లోపలి మందు కాయితం మీద వోసిన. సన్నటి పోగులు, సేమియా లెక్క. కొత్త మందు ఇట్లుంటది. పొగ రాదు, జోరు మస్తు. ఈ తుపాకి జేసిన్నాడు గీ మందుకు జెయ్యలే. పాత కాలం నల్ల తుపాకిమందుకు జేసిండ్రు. ఆ పాతమందు తూటాను నూకుతది. కొత్త మందు ఒక్కసారే తంతది. ఆ దెబ్బకు సిలిండర్ పగిలితే ముక్కలు యాడికి పోతయి? పట్టుకున్నోని చేతులకు, కండ్లకు.

“చెయ్యి పోతది సాబ్,” అన్న. “నా మాటిని దీన్ని ఇంట్ల వెట్టుండ్రి. మేం ఐదుగురం ఉన్నం గద.”

“మీరు ఐదుగురు పొద్దుమూకితే మిల్లుకొస్తరు. నేను ఆ ఊర్లల్లనే పండుకోవాలె,” అన్నడు. “కాల్వకుండ ఉంచుకునేటందుకు తుపాకెందుకు? బాపు పోటువ లెక్క గోడకు తగిలియ్యాల్నా?”

ఆయనకు భయం. అండ్ల తప్పేమున్నది? నాకూ భయమే. ఆయన చెయ్యి పోతే నా పీకల మీదికొస్తది.

గోదాం అంతా దేవులాడిన. ఒక గడి నుంచి వచ్చిన సామాన్ల రేకు డబ్బా దొరికింది. మూతకు మైనం వోసి ఉన్నది. లోపల అదే సైజు తూటాలు. ఒకటి ఇప్పి చూసిన. ఉల్లి ఇత్తుల తీరు నల్లటి మందు గింజలు, పొడిగ ఉన్నయి. ఇగ ఒక్కొక్కటి ఎలుగుకు వట్టి చూసిన. చిలుమున్నది పక్కకు. నొక్కువడ్డది పక్కకు. తల కదిలేది పక్కకు. మంచివి ఏరి కుప్ప వెట్టిన. మిల్లు ఎనుక ఇరిగిన బండి గీర ఉండె. రివాల్వర్‌ను దానికి గట్టిగ కట్టి, తాడు గట్టి, గోడ సాటుకు పోయి గుంజిన.

ఢాం! వామ్మో, ఏం పొగ! తెల్లగ, దట్టంగ లేశింది. గిర్దావర్ సాబ్ దగ్గలేక సచ్చిండు. ఇంకోటి కాల్చిన. ఖాళీ గొట్టాలు తీసి చూసిన. ఉబ్బలే, పగలలే. సిలిండర్ ఎట్లున్నది అట్లనే ఉన్నది. దానిల ఆరు పడ్తయి, ఐదే తూటాలు వేసిన. కొట్టే సుత్తి కింద ఖాళీ ఉంచిన, బండి కుదుపులకు దానంతటదే పేలకుండ.

“ఒక్కటి కాల్చినంక ఆగుండ్రి సాబ్,” అని చెప్పిన. “పొగ పోయేదాంక రెండోది కాల్వకుండ్రి. ముంగట ఏమున్నదో కనవడది.”

“సరే సరే,” అన్నడు. ఆయన ధ్యాసంతా రివాల్వర్ మీదనే. కొత్త తూటాలు నేనే గుంజుకొని పెట్టెల వేసి తాళం వేసిన.

తెల్లారి బయలెల్లినం. చలి, మంచు. గాలి కొంచెం గూడ లేదు. వాగు దాటినంక రోడ్డుకు అడ్డంగ చెట్టు నరికి పడేశి ఉన్నది. డ్రైవర్ బ్రేక్ గొట్టిండు. దళమోళ్ళు మాటు వేసేది గిట్లనే. సిపాయిలు దునికి రోడ్డుకు రెండు దిక్కుల పండుకున్నరు. గిర్దావర్ సాబ్‌ను లారీల నుంచి కదలొద్దన్న. ఇంటే గద! దిగి బానెట్ పక్కకు నిలవడ్డడు.

వాగొడ్డుకు ఈతచెట్లున్నయి. ఒక చెట్టు మీద నుంచి ఏదో జర్రున దిగింది. కత్తి తళుక్కుమన్నది. గిర్దావర్ సాబ్ కాల్చిండు. పొగ కమ్మింది. గాలి లేదాయె, అది కదుల్తలేదు. “ఆగుండ్రి సాబ్, ఆగుండ్రి!” అని ఒర్రుతనే ఉన్న. పొగలకే ఇంకోటి కాల్చిండు.

ఒక సిపాయి రైఫిల్ బోల్టు గుంజిండు. “ఎవ్వరు గాల్వొద్దు!” అన్న. పొగల నుంచి మాట వచ్చింది.

“బాంచెన్ దొరా! గీతోన్ని, కల్లు గీసెటోన్ని! చేతులెత్తిన, కాల్వకుండ్రి!”

పొగ పల్చనైంది. చెట్టు మొదట్ల ఒకాయన మోకాళ్ళ మీద కూసున్నడు. లొట్టి పగిలి కల్లు కారుతుంది. రెండు చేతులు మీదికే ఉన్నయి. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. మొదటి తూటా తప్పిపోయింది. ఆయన చేతులెత్తిండు. రెండోది ఎత్తిన చేతికి తాకింది. నెత్తురు మోచెయ్యి దాంక కారుతున్నా ఆయన చెయ్యి దించుతలేడు. దించితే మళ్ళ కాలుస్తరని భయం.

“దించు అన్నా, దించు,” అనుకుంట ఉరికిన. నా తలగుడ్డ చింపి కట్టిన. పేరడిగితే ఎల్లయ్య అన్నడు.

ఎనుక నుంచి గిర్దావర్ సాబ్ వచ్చిండు. తన చెయ్యి ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుంటుండు. “నువ్వు జెప్పినట్టే నాయక్,” అన్నడు. “పగలలే. నాకేం గాలే.” మల్ల ఎల్లయ్యను జూసి రోడ్డు మీదనే కూలవడి ఏడ్సిండు. ఆయన మీద నాకు మస్తు కోపమొచ్చింది. ఆ ఏడుపు జూసి జాలి గూడ అయింది. ఏం జెయ్యాల్నో తెల్వక ఇద్దరిని లారీ ఎక్కియ్యమన్న.

ఎల్లయ్యను మెదక్ మిషన్ దవాఖానల జేర్పిచ్చినం. మిల్లు కాడ సుబేదార్ సాబ్ ఒక్కటే అడిగిండు: “పిస్తోల్ సలామత్?” అంటే, మంచిగున్నదా అని.

“సలామత్ సాబ్,” అన్న.

తూటా ఏరుడుల నేనేం తప్పు జెయ్యలే. ఇప్పుడు అడిగినా అదే చెప్త. ఆ తుపాకికి ఆ తూటానే సరైంది.

కొన్ని వారాలకు మా కంపెనీని వాపసు పిలిచిండ్రు. లారీలు నిలవడినంక సుబేదార్‌ను బతిమాలి దవాఖానకు ఉరికిన. ఎల్లయ్య మంచం మీద లేడు. వరండాల ఉన్నడు. ఇంటికెంచి మోకు తెప్పిచ్చుకున్నడు. మోకంటే చెట్టెక్కేటప్పుడు చెట్టుకు, నడుముకు కలిపి వేసుకునే తాడు. దాన్ని వరండా కంబానికి వేసిండు. కట్టున్న చెయ్యి పక్కకు వెట్టి, ఎడమ చేత్తోని, పండ్లతోని ముడి గుంజుతుండు.

“ఎల్లయ్యా, కుట్లు తెగుతయి! పండుకో నాయినా!” అని నర్సమ్మ మొత్తుకుంటుంది. ఆయన ఇంటలేడు. రెండు కాళ్ళు కంబానికి తన్ని ఎనుకకు వాలిండు. ముడి జారింది. బండల మీద వడ్డడు. లేశి మళ్ళ కట్టిండు.

అప్పుడు నన్ను జూసిండు. “సిపాయి అయ్యా, తుపాకులు ఆగుతయో ఆగయో నువ్వే జూస్తవట గద. జర ఈ ముడి జూడు. ఆగుతదా?”

ఒంగి చూసిన. ముడిని వేలుతోని రెండుసార్లు గుంజిన. బయట లారీ హారన్ కొట్టిండ్రు.

ఇంటికొచ్చినంక అందరు అడిగిండ్రు, పట్టాలంల ఎంతమందిని గాల్చినవని. మెదక్‌ల నేను ఒక్కన్ని గూడ గాల్వలే. నాకు కనవడేది ఆ వరండా. ఎల్లయ్య కాళ్ళు కంబానికి తన్ని, బండలకు జానెడు మీద ఎనుకకు వాలి, ఊపిరి వట్టి, తాడు ఆగుతదా అని చూస్తుండు.