మామ వాచీలో చేరిన నీళ్ళు

మా మేనమామ ఆ వాచీని నా కౌంటరు అద్దం మీద పెట్టినప్పుడు ఉదయం పదకొండు కావస్తోంది. వేలూరు దగ్గర గుడియాత్తం బజారులో మా నాన్న నడిపిన వాచీ రిపేరు అంగడి అది. ఆయన చూపు మందగించాక నేను కూర్చుంటున్నాను. కొత్తగా వచ్చేవాళ్ళు ఇప్పటికీ "మెకానిక్ యాడికి పోయినాడమ్మా?" అని నన్నే అడుగుతారు. మామ ఆటో దిగి, ఎడమ కాలు ఈడుస్తూ, మెట్టు దగ్గర కాసేపు ఆగి, గోడ పట్టుకుని పైకి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని ఎడమ తుంటి నిమురుకున్నాడు.

"లోపల చెమ్మ పట్టిండాది చూడు పాపా," అన్నాడు.

అద్దం కింద పాలపొర లాంటి ఆవిరి. సెకన్ల ముల్లు మాత్రం తిరుగుతూనే ఉంది.

"సముద్రంలోనా మామా?" అన్నాను, ఆయన సముద్రం పని మానేసి చాలా ఏళ్ళయిందని తెలిసి కూడా.

"సముద్రమా! నీళ్ళు పోసుకునే గదిలో. రెండు చెంబులు పోసుకున్నానో లేదో, పోయినాయి లోపలికి."

ఆ వాచీకి బ్యాటరీ ఉండదు. చెయ్యి కదులుతూ ఉంటే లోపల ఒక అర్ధచంద్రాకారపు బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. తుంటి నొప్పితో మామ ఆరు నెలలుగా మంచానికే అతుక్కుపోయాడు. చెయ్యి ఆడక వాచీ ఆగిపోతోంది. అందుకని రోజూ పొద్దున పక్కనున్న కీ తిప్పే పిడి మరను విప్పి, చేత్తో కీ ఇచ్చి, మళ్ళీ మర బిగిస్తున్నాడు. డైవింగ్ వాచీలో ఆ మర బిగించి ఉంటేనే నీళ్ళు ఆగుతాయి. ఆ రోజు నొప్పిలో మరిచిపోయాడు. వెయ్యి మీటర్ల లోతు తట్టుకుంటుందని డయలు మీద రాసి ఉన్న వాచీలోకి రెండు చెంబుల స్నానానికే చెమ్మ చేరింది.

"వచ్చే వారం వేలూరు ఆస్పత్రిలో చేరమన్నారు. అంతలోపల బాగుచేసి ఇయ్యి," అన్నాడు. నేను సరేనన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మా అమ్మ పుట్టింటివాళ్ళంతా మేస్త్రీలు. ఇళ్ళు కట్టారు, బావులు తవ్వారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడం రాదు, మామకూ రాదు. ఆయనకు వచ్చింది ఊపిరి బిగబట్టడం. నెమిలి, కావేరిపాక్కం ఊళ్ళ వైపు ఎవరి బావిలో మోటారు పడిపోయినా మామకు కబురొచ్చేది. నడుముకు తాడు కట్టుకుని దిగి, మోటారుకు ఇంకో తాడు కట్టి వచ్చేవాడు. అది చూసిన ఒక కాంట్రాక్టరు ఆయన్ను రేవు పనికి తీసుకెళ్ళాడు. అక్కడ పైన గాలి మిషను, నోట్లో గొట్టం. నీళ్ళ అడుగున కాంక్రీటు పని. తరువాత బొంబాయి, ఆ తరువాత సముద్రం మధ్యలో చమురు తీసే చోట్లు.

ఆ లోతు పనికి దిగేవాళ్ళు ఇంటికి రావడం సంగతి అటుంచి, రోజూ నీళ్ళ పైకి వచ్చి మామూలు గాలి పీల్చడానికి కూడా వీల్లేదు. ఓడ మీద ఒక ఇనుప గదిలో, అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడిలోనే వారాల తరబడి ఉండాలి. తిండి చిన్న కిటికీ లాంటి అర గుండా లోపలికి వస్తుంది. పీల్చేది హీలియం కలిసిన గాలి. పని అయ్యాక ఒత్తిడిని మెల్లగా దించడానికే రోజులు పడతాయి. ఆ గదిలోంచి మామ ఎప్పుడైనా ఫోను చేస్తే, హీలియం వల్ల గొంతు బాతు గొంతులా కీచుగా వచ్చేది. నేనప్పుడు బడికి వెళ్తున్నాను. పడీపడీ నవ్వేదాన్ని. ఆయన కూడా నవ్వేవాడు, "ఇంకోసారి మాట్లాడమంటావా పాపా?" అని.

ఆ వాచీని ఆయన ఒక పెద్ద డైవరు దగ్గర కొన్నాడు. పని మానేసి వెళ్ళిపోతూ ఆ మనిషి అమ్మాడట. ఎడమ పక్క చిన్న బొడిపె ఉంటుంది, చూస్తే గుండీలా ఉంటుంది. అదేమిటో మామే నాకు చెప్పాడు. హీలియం ఎంత సన్నని వాయువంటే, ఇనుప గదిలో రోజుల తరబడి ఉంటే వాచీ రబ్బరు సీళ్ళలోంచి కూడా లోపలికి దూరిపోతుంది. ఒత్తిడి దించేటప్పుడు అంత తొందరగా బయటికి రాలేదు. మొదట్లో డైవర్ల చేతుల మీదే అద్దాలు టప్పున ఊడి ఎగిరిపోయేవట. తెలివైనవాళ్ళు ఆ గదిలో కీ మర వదులు చేసి ఉంచుకునేవారట. అప్పుడు స్విట్జర్లాండు వాళ్ళు ఈ చిన్న వాల్వు పెట్టారు: లోపలి ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకుని హీలియాన్ని బయటికి పంపుతుంది, బయటి నీటిని లోపలికి రానివ్వదు. జపాన్ వాళ్ళకు ఒక డైవరు తన వాచీ పాడైందని ఉత్తరం రాస్తే, వాళ్ళు ఇంకో దారి పట్టారు. ఏళ్ళ తరబడి కష్టపడి, హీలియం అసలు దూరడానికే కష్టమయ్యేలా కేసు కట్టారు.

ఇవన్నీ తెలిసి కూడా నా చేతిలో ఏమీ లేదు. ఆ వాచీ వెనక మూతకు చుట్టూ సన్నని పళ్ళు ఉంటాయి. దానికి తగిన పనిముట్టు నా దగ్గర లేదు. సీళ్ళు లేవు. నీటి ఒత్తిడి పరీక్షించే మిషను లేదు. చెన్నైలో ఆ వాచీ కంపెనీ సర్వీసు సెంటరుకు కాట్పాడిలో రైలెక్కి వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి తెల్ల చేతితొడుగులు వేసుకుని వాచీని అందుకుంది, నాతో ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"డయలు, ముళ్ళు మార్చాలి మేడమ్. పాతవి తిరిగి ఇవ్వం," అంది.

నాకు కారణం తెలుసు. చీకట్లో వెలగడానికి ఆ డయలు మీద పూసింది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం. ఒకప్పుడు రేడియం పూసేవారు. ఆ రంగు పూసిన ఆడపిల్లలు, కుంచె మొన నాలుకతో తడిపి తడిపి, దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. దాని తరువాత వచ్చింది ట్రిటియం. రేడియమంత ప్రమాదం కాదు, కానీ పన్నెండేళ్ళకు సగం వెలుగు పోతుంది. ఇప్పుడు దీపం వెలుగును పీల్చుకుని మెరిసే రంగు వాడుతున్నారు. కంపెనీ పాతదాన్ని మళ్ళీ బయటికి పంపదు.

ఫోనులో మామకు చెప్పాను.

"ఆ ముళ్ళు మారిస్తే అది నా వాచీ ఎట్లవుతాది? తీసుకొచ్చేయ్ పాపా. నువ్వే చెయ్యి."

"సీళ్ళయినా అమ్ముతారా?" అని ఆ అమ్మాయిని అడిగాను. బయటి రిపేరువాళ్ళకు విడి భాగాలు అమ్మరట. ఆమె క్షమించమంది కూడా. నాకు కోపం తెచ్చుకునే అవకాశం కూడా దొరకలేదు.

ఆ వారమే, చేరే ముందు పరీక్షల్లో, వేలూరులో డాక్టరు మామ తుంటి ఎక్స్‌రే ఫిల్ము తెర మీద పెట్టి చూపించారు. అత్త, నేను పక్కన నిలబడ్డాం. ఎడమ తొడ ఎముక పైన గుండ్రంగా ఉండాల్సిన తల ఒక వైపు నొక్కుకుపోయి ఉంది. కుడి వైపు కూడా మొదలైంది. ముందు ఆపరేషన్ చేసి ఎడమ కీలు మార్చాలన్నారు. ఒత్తిడి మార్పులో రక్తంలో గ్యాసు బుడగలు పుట్టి ఎముకకు రక్తం అందకుండా చేసి ఉండవచ్చని, డైవర్లలో ఇది ఏళ్ళ తరువాత బయటపడుతుందని ఆయన తమిళంలో నిదానంగా వివరించారు.

"ఎప్పుడు జరిగింటాది సార్? ఆ ఇనుప గదిలోనా?" అని మామ అడిగాడు.

డాక్టరు చెప్పలేనన్నారు. గాలి మిషనుతో పనిచేసిన రోజుల గురించి అడిగారు. రేవులో ఒక్కో రోజు నాలుగైదు సార్లు దిగేవాణ్ణని, కాంట్రాక్టరు కేకేస్తే గబగబా పైకి వచ్చేసేవాణ్ణని, ఎంత మెల్లగా పైకి రావాలో లెక్క చూసే పట్టిక ఒకటి ఉంటుందని బొంబాయి పోయేదాకా తెలియదని మామ చెప్పాడు. డాక్టరు తల ఊపారు.

"ఏ మునక వల్ల అని ఎవరూ చెప్పలేరు," అన్నారు.

బయటికి వచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుని, "అప్పుడే ఒక మాట చెప్పింటే ఆపేదాన్ని కదా తల్లీ," అంది. ఎవరు, ఎవరికి, ఏం చెప్పి ఉండాలో నాకు తెలియలేదు.

వాచీని ఆ ఆదివారం తెరిచాను. వేలూరులో లేతు పనిచేసే ఒకాయన మూత పళ్ళ అచ్చు చూసి ఆ పళ్ళను పట్టే ఇనుప బిళ్ళ ఒకటి తయారు చేసి ఇచ్చాడు. మూత కదిలింది. లోపలి సీలు గట్టిపడి, తారులా అంటుకుని ముక్కలుగా వచ్చింది. కీ కడ్డీ మీద తుప్పు. అంతవరకు నేను చేయగలిగిన పనే. తుప్పు తీశాను, కడిగాను, నూనె పెట్టాను, కొలత దగ్గరగా ఉన్న మామూలు సీలు వేశాను. ముళ్ళు తీయడమే కష్టమైంది. చెమ్మకు ఆ పాత రంగు ఉబ్బి ఉంది. పట్టకారు ఇంకా తగలక ముందే నిమిషాల ముల్లులోంచి రంగు పొడిగా రాలి డయలు మీద పడింది. ముల్లు మధ్య ఖాళీ సందు మిగిలింది. ఊపిరి వదిలితే ఆ పొడి ఎగిరిపోతుందని భయపడి కదలకుండా కూర్చున్నాను. మా నాన్న వెనకనుంచి, "ఏమైందిమ్మా?" అన్నాడు. ఆయనకు కనిపించదు. "ఏం లేదు నాయనా," అన్నాను.

ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డులో మామ చేతికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ముల్లు గుల్లయిపోయిందే."

"నా చేతిలోనే రాలిపోయింది మామా. ఏమీ చేయలేకపోయినాను."

"పోనీలే." వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నడస్తా ఉండాదిలే. నీళ్ళల్లో ఎయ్యొచ్చునా?"

"వద్దు మామా. చెయ్యి కూడా కడగొద్దు దానితో."

ఆయన వాచీని చేతికి పెట్టుకున్నాడు. మరుసటి రోజు నర్సు వచ్చి, ఒంటి మీద ఏ లోహమూ ఉండకూడదని చెబితే, తానే విప్పి నాకు ఇచ్చాడు. ఆయన్ను ఆపరేషన్ గదికి తోసుకుంటూ తీసుకెళ్ళగానే వాచీ చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పి దాని సున్నా గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టాను. ఎంతసేపు గడిచిందో డైవర్లు అలా చూసుకుంటారు. ఆ వలయం ఒక్క వైపే తిరుగుతుంది. ఎక్కడైనా తగిలి జరిగినా, ఎక్కువ సేపు అయినట్టు చూపి డైవరును ముందే పైకి రప్పిస్తుంది గాని, గాలి ఇంకా మిగిలి ఉందని మోసం చేయదు. దాని మీద గుర్తులు అరవై నిమిషాలకే. అరవై అయ్యింది. ఎవరూ బయటికి రాలేదు. మళ్ళీ తిప్పాను. అత్త అప్పటికి జపం కూడా మానేసి గోడవైపు చూస్తోంది. మూడోసారి తిప్పాక గాని తలుపు తెరుచుకోలేదు.

ఎడమ తుంటిలో కొత్త కీలు బాగానే అమరింది. నాలుగో రోజు వాకరు పట్టుకుని కారిడారులో నడిపించారు. నేను ఒక పక్క, నడక నేర్పే అమ్మాయి ఇంకో పక్క. పది అడుగులు వేసి మామ ఆగాడు. కుడి కాలు మీద బరువు వేయడానికి భయపడుతున్నాడు.

"ఈ కుడి కాలు ఎన్నాళ్ళు తాళతాది పాపా?"

డాక్టరు పరీక్షిస్తూ ఉండాలని మాత్రమే చెప్పారు. భుజాల ఎముకలు కూడా పాడయ్యాయేమో ఒకసారి చూడాలన్నారు. ఆ సంగతి నేను మామకు ఇంకా చెప్పలేదు.

"తెలీదు మామా," అన్నాను.

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. నడక నేర్పే అమ్మాయి తమిళంలో, "ఇంకో అయిదు అడుగులు అప్పా," అంది. మామ వాకరును ముందుకు జరిపాడు. నేను మోచెయ్యి పట్టుకోబోతే, ముట్టుకోవద్దని ఆ అమ్మాయి సైగ చేసింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కనే నడిచాను.