సారు సెలవులకు మేం కట్టిన పెట్టెలు

గల్ఫ్ యుద్ధం రోజుల్లో నేను సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఎలక్ట్రీషియన్‌ని. సైరన్ మోగితే చాలు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాళ్లం.

ఒకరోజు ఏసీ బాగుచేయడానికి మా ఇంగ్లిష్ ఇంజనీరు సారు ఆఫీసుకు వెళ్లాను. బల్ల మీద 'డెవాన్' అని రాసున్న మ్యాపు పరిచి ఉంది. సముద్రం ఒడ్డున ఎర్రటి సున్నా చుట్టి, పక్కన 'ఆరు మంచాలు' అని ఇంగ్లిష్‌లో రాసుకున్నాడు. యుద్ధం ముదిరితే కంపెనీ మమ్మల్ని తరలించబోయేది అక్కడికేనని నాకు రూఢి అయిపోయింది.

మా గదిలో పన్నెండు మందిమి, అందరం కరీంనగర్ వాళ్లమే. మా క్యాంపులో మంచాలన్నీ రెండంతస్తులవి. ప్లంబర్ మల్లయ్య వేళ్ల మీద లెక్కేశాడు. "పైన ఒకలు, కింద ఒకలు. పన్నెండు మందికి సరిపోతయి తియ్."

మర్నాడు పొద్దున్నే టీవీలూ కంబళ్లూ అట్టపెట్టెల్లో సర్ది, తాళ్లు బిగించి, పేరూ ఊరూ రాసి, సారు జీపు ముందు వరసగా నిలబడ్డాం.

"కిధర్ జాతా?" అన్నాడు సారు, ఎక్కడికి పోతున్నారని, తనకొచ్చిన హిందీలో.

"డెవాన్, సాబ్. ఆప్ కే సాత్," మీ వెంటే అన్నాడు మల్లయ్య, మంచానికి పైన ఒకలు, కింద ఒకలు అని వేళ్లతో లెక్క చూపిస్తూ.

సారు మా పెట్టెల మీది పేర్లూ ఊళ్లూ చదివాడు. డెవాన్ వాళ్ల దేశంలో సముద్రం పక్కనున్న జిల్లా అనీ, యుద్ధం ఆగితే పిల్లలతో సెలవులకు వెళ్లడానికి ఇల్లు చూసుకుంటున్నాననీ చెప్పాడు. మేం సిగ్గుతో తల ఎత్తలేకపోయాం. అంతలోనే సైరన్ మోగింది. పెట్టెలతో సహా లోపలికి పరుగెత్తాం. సారు కూడా ఒకటి మోశాడు.

యుద్ధం ఆగాక, ఆ వేసవిలో డెవాన్ నుంచి మాకో కార్డు వచ్చింది. "మంచాలు చూశాను. ఒక్కదానికీ పై అంతస్తు లేదు. మీలో ఆరుగురు ఆగిపోవాల్సిందే."

ఆ సైరన్ల భయం ఎప్పుడో మరిచిపోయాను. 'ఆగిపోయే ఆరుగురిలో నువ్వొకడివి' అని నేనన్నందుకు మల్లయ్య వారం రోజులు నాతో మాట్లాడకపోవడం మాత్రం ఇప్పటికీ మరవలేదు.