కూర్చోని సభ్యురాలు

కౌన్సిల్‌కి ఎన్నికై ఏళ్లు గడిచినా, ఇస్త్రీ అక్క ఏ కాగితం చేతికొచ్చినా ముందు అరచేత్తో దాని మడతలు సాపు చేసి గానీ చదవదు. ఆ రోజు వచ్చింది నగర ఆర్థికాభివృద్ధి ప్రణాళిక. రిపేరు షాపుల వీధిని పడగొట్టి అక్కడ పెద్ద మాల్ కడతారట. ఆమెను గెలిపించింది ఆ వీధే. సభ్యులెవరైనా నిలబడి ఉండగా ఓటింగు పెట్టకూడదన్నది ఆ సభ నియమం. ఆమె లేచి చెప్పాల్సిందంతా చెప్పింది, కానీ కూర్చోలేదు.

"అయిపోయిందిగా, కూర్చోండమ్మా," అన్నాడు చైర్మన్.

"ఆ షాపులవాళ్లకి చోటెక్కడిస్తారో ఇందులో రాయండి, కూర్చుంటాను."

"మొన్న మోకాళ్ల నొప్పులన్నారు?"

"ఉన్నాయి బాబూ. ఇస్త్రీబల్ల ముందు నిలబడి నిలబడి తెచ్చుకున్నవే. మీ కుర్చీకన్నా అవే నాకు అలవాటు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. చైర్మన్ నవ్వలేదు. ఇంతలో టీ వచ్చింది. ఆమె నిలబడే తాగి, ఇంకో కప్పు తెమ్మంది.