నాది ఎక్సర్‌సైజు, ఆయనది ఎలక్షను

ఈ రోజు పొద్దున మొయినాబాద్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని చేతుల వ్యాయామం చేస్తున్నాను. నాకు స్క్లెరోడెర్మా, అంటే చర్మం బిగుసుకుపోయి వేళ్లు ముడుచుకుపోయే జబ్బు. రోజూ గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచి, తర్వాత అరచేతులు రెండూ ఆనించి నొక్కాలి. ఎంత నొక్కినా మధ్యలో నిమ్మకాయ పట్టేంత సందు ఉంటుంది.

అప్పుడే మా వార్డులో పోటీ చేస్తున్న ఒకాయన మందితో ప్రచారానికి వచ్చాడు. గేటు దగ్గర నన్ను చూసి పొంగిపోయాడు.

"అక్కా, నేను అడగకముందే దండం పెట్టినవ్! ఓటు నాకే అన్నట్టు."

"దండం కాదన్నా, ఎక్సర్‌సైజ్. అరచేతులు మొత్తం ఆనాలె, మోచేతులు పైకి లేవాలె. నాకు అయితలేదు."

"గంతేనా? గిది మాకు రోజూ ఉండే పనే," అంటూ చేసి చూపించబోయాడు. మోచేతులు లేపగానే ఆయన అరచేతులూ విడిపోయాయి.

"అబ్బా, మణికట్లు గుంజుతున్నయ్ అక్కా!"

"గట్లనే పట్టుకోన్నా. ఓటు సంగతి తర్వాత మాట్లాడుదం."

వెనకున్న వాళ్లంతా కూడా చేతులు జోడించి మూలగడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే మూలిగిన వరండాలో అంతమంది మూలుగుతుంటే నాకు భలే సంతోషమేసింది.

రేపు ఆయన ప్రత్యర్థి వస్తాడట. పిడికిలి బిగించే వ్యాయామం చేయించనా, వేళ్లు చాచేదా? మీరే చెప్పండి.