ముందు నీళ్ళు, తర్వాత మాట

ఇనుప పైపు మెట్ల గోడకు రాసుకుంటే పళ్ళు జివ్వుమనే చప్పుడు ఒకటి వస్తుంది. మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని మా కార్మికుల క్యాంప్‌లో మంచం మీద పడుకుని చదువుకుంటుంటే అది వినిపించింది. ఇద్దరు కొత్త కుర్రాళ్ళు మిద్దె మీది ట్యాంకుకు పైపు మోసుకుపోతున్నారు. పుస్తకంలో వేలు పెట్టి మూశాను. ఆ చప్పుడు వింటే నాకు టేక్ దాయి గుర్తుకొస్తారు.

పేరు టేక్ బహాదుర్. నేపాల్ కొండల్లోని ఒక పల్లె ఆయనది. వాళ్ళ భాషలో దాయి అంటే అన్న. మా జగిత్యాల వాళ్ళు కొందరు "టేకన్నా" అని కూడా పిలిచేవారు, ఆయన రెండింటికీ పలికేవారు. మా సైట్‌లో పైపుల పనికి ఫోర్‌మన్. ఏళ్ళ తరబడి మావాళ్ళ మధ్య ఉండి తెలుగు నేర్చుకున్నారు, అదీ అచ్చంగా మా జిల్లా తెలుగు. నేను పదో తరగతితో బడి మానినవాణ్ని. ఆ తర్వాత నాకొచ్చిన చదువంతా మా మండలంలోని శాఖా గ్రంథాలయం పెట్టింది, ఇక్కడికి వచ్చాక సెలవురోజున మెట్రో ఎక్కి వెళ్ళే పెద్ద లైబ్రరీ పెట్టింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. క్యాంప్‌లో అందరూ "ఓ లైబ్రరీ!" అని ఏడిపించేవారు. దాయి మాత్రం "ఈ వారం ఏం దెచ్చినవ్ తమ్మీ?" అని అడిగేవారు.

ఒక రోజు ఆయనే ఒక పని అప్పగించారు. "లడాయి అయిపోయినంక మా ఊర్ల జరిగినట్టు ఇంకేడనన్న జరిగిందా? నీ పుస్తకాలల్ల ఉంటదా, చూడు."

ఏం జరిగిందని అడిగితే చెప్పారు. అంతర్యుద్ధంలో వాళ్ళ ఊరు రెండుగా చీలింది. పై వాడ పిల్లలు తుపాకులు పట్టి అడవిలోకి పోయారు, కింది వాడ పిల్లలు పోలీసుల్లో చేరారు. రెండు వాడల్లోనూ చావులే. కొండ ఊట నుంచి వచ్చే నీటి పైపు పగిలితే బాగుచేసే దిక్కు లేకపోయింది. యుద్ధం ఆగాక శాంతి పాఠాలు చెప్పడానికి పట్నం నుంచి ఒక టీచరమ్మ వచ్చి, ఊరంతటినీ గుండ్రంగా కూర్చోబెట్టింది. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒక ముసలమ్మ "బిడ్డా, మాట్లాడాలంటే గొంతు తడవాలి గదా. ముందు నీళ్ళు తెప్పించు" అందట. టీచరమ్మ పాఠం పక్కన పెట్టి పైపులు తెప్పించింది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: ప్రతి పైపుకూ ఒక చివర పై వాడ మనిషి, రెండో చివర కింది వాడ మనిషి.

"నా పైపుకు అటు పక్క ఎవడు దొరికిండో ఎరుకేనా?" అన్నారు దాయి. "మా అన్నను చంపిన దళంల ఉన్నోడు."

"మరెట్ల మోసినవ్ దాయీ?"

"ఏం జేస్త? గుట్ట ఎక్కేటప్పుడు వాడు ముందట, నేను ఎనుక. వాడు జారితె పైపొచ్చి నా ఛాతి మీదనే పడ్తది. అందుకే 'కాలు చూసుకో' అన్న. లడాయి అయినంక వానితోని నేనన్న మొదటి మాట గదే."

నీళ్ళు వచ్చాకే వాళ్ళు మళ్ళీ కూర్చున్నారట. అప్పుడు టీచరమ్మ పద్ధతి ఇది: ఎవరి బాధ వాళ్ళు చెప్పుకోకూడదు, ఎదుటివాడి బాధ చెప్పాలి. ఎదుటివాడు ఔనన్నదాకా చెప్పాలి.

నా చిన్నతనంలో మా ఊళ్ళోనూ ఒకవైపు అన్నల భయం, ఒకవైపు పోలీసుల భయం ఉండేవి. ఆ ఏళ్ళ గురించి మావాళ్ళు ఈనాటికీ నోరెత్తరు. అందుకే దాయి చెప్పిన పని నా సొంత పనిలా అనిపించింది. ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని వెతికాను. దొరికింది. కొట్టుకు చచ్చిన ఊళ్ళు కలిసి బావి తవ్వుకున్న సంగతులు, బాట వేసుకున్న సంగతులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. కిచెన్ మెట్ల మీద కూర్చుని ఒక్కో వాక్యం ఆయనకు తెలుగులో చెప్పాను. "అయితె మేం ఒక్కళ్ళమే గాదన్నట్టు" అని, ఆ పేజీ మళ్ళీ చదివించుకున్నారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే మా క్యాంప్‌లో పోట్లాట జరిగింది. మా పక్క ఊరి రాజన్న, డ్యూటీ బస్సు పోతుందన్న తొందరలో, తన గిన్నె పెట్టుకోవడానికి, ప్రేమ్ అనే నేపాలీ కుర్రాడి అన్నం గిన్నెను ఉడుకుతుండగానే పొయ్యి మీంచి దించాడు. గిన్నె ఒరిగి అన్నం నేలపాలైంది. తిట్లు దేశాల దాకా పోయాయి. తోపులాటలో మిద్దె ట్యాంకు నుంచి కిచెన్‌కు దిగే నీటి పైపు విరిగింది. క్యాంప్ బాస్ వచ్చి కిచెన్‌కు తాళం వేశాడు. "జుమేరాత్ తక్ దోస్తీ, నహీ తో దోనో ఘర్. ఖలాస్!" అన్నాడు. గురువారం లోపల రాజీ పడకపోతే ఇద్దరినీ ఇంటికి పంపేస్తాడన్నమాట. రాజన్నకు ఊళ్ళో కడుతున్న ఇల్లు గోడల దగ్గర ఆగి ఉంది. ప్రేమ్ వచ్చి ఏడాదైనా కాలేదు.

"నేను చదివినవన్నీ ఇద్దరికీ చెప్త దాయీ" అన్నాను.

"చెప్పు తమ్మీ, తప్పక చెప్పాలె. గని ముందు నీళ్ళు."

ఆయన బాస్‌ను ఒప్పించి కొత్త పైపు తెప్పించారు. రాజన్న దాన్ని చూసి మూతి తిప్పాడు. "గింత పైపుకు ఇద్దరెందుకు? నేనొక్కన్నే మోస్త. వానితోని నాకేంది?"

"మొయ్యి రాజన్నా, చూస్తం" అన్నారు దాయి.

రాజన్న పైపు భుజానికెత్తి తిరిగాడో లేదో, వెనక చివర పోయి బట్టల తాడుకు తగిలింది. ఆరేసిన లుంగీలన్నీ ఇసుకలో పడ్డాయి. క్యాంపంతా పగలబడి నవ్వింది. ప్రేమ్ నవ్వు ఆపుకుంటూ వచ్చి రెండో చివర పట్టుకున్నాడు.

పైపు బిగించే పానాలు పట్టుకుని నేను వాళ్ళ వెనకే మెట్లెక్కాను. గోడకు పైపు రాసుకునే చప్పుడు తప్ప మాట లేదు. పై మలుపులో ఒక మెట్టు అంచు విరిగి ఉంది. రాజన్న ఆగాడు. వెనక్కి తిరగకుండానే, తన వచ్చీరాని హిందీలో "దేఖ్‌కే ఆవ్. సీడీ టూటా హై" అన్నాడు, మెట్టు విరిగింది, చూసుకుని రమ్మని.

"హా, దాయి" అన్నాడు ప్రేమ్.

కిందికి చూశాను. మెట్ల మొదట్లో నిలబడి టేక్ దాయి తల పంకిస్తున్నారు.

సాయంత్రం నీళ్ళు వచ్చాక అందరం కిచెన్ మెట్ల మీద కూర్చున్నాం. రాజన్న బాధ ప్రేమ్ హిందీలో చెప్పాడు: బస్సు తప్పితే ఆ రోజు హాజరు పోతుంది, వాళ్ళ సైట్ ఫోర్‌మన్ అందరి ముందూ తిడతాడు, ఊళ్ళో ఇల్లు ఆగి ఉంది.

"నా బాధ నాకన్న మంచిగ చెప్పిండు గదరా పోరడు!" అన్నాడు రాజన్న. తన వంతు వచ్చేసరికి ప్రేమ్ బాధ ఎత్తుకున్నాడు. "రాత్రంత డ్యూటీ చేసొచ్చిండు. కడుపుల ఏం లేదు. అన్నం మెతుకు తొక్కితె మా అవ్వ కండ్లకద్దుకోమంటది. నేను గిన్నె గిన్నెనే ఒంపిన."

దాయి దాన్ని నేపాలీలో చెప్పాక, "హా" అన్నాడు ప్రేమ్.

బాస్ తాళం చెవి ఊపుకుంటూ వచ్చాడు. "మాఫీ ముష్కిల్?"

"మాఫీ ముష్కిల్!" అని అందరం అరిచాం. ఏ ఇబ్బందీ లేదని. కిచెన్ తెరుచుకుంది. ఎవరూ ఇంటికి పోలేదు. అప్పుడు దాయి నా వైపు తిరిగి "ఇగ చదువు తమ్మీ, ఆ పేజీ" అన్నారు. చదువుతుంటే వెనక నుంచి రాజన్నే కేకేశాడు: "ఓ లైబ్రరీ, జర గట్టిగ చదువు, మాకినబడ్తలేదు!" ఆ రోజు నుంచి ఆ పేరు నాకు బిరుదులా వినిపిస్తుంది.

దాయి ఊరికి వెళ్ళిపోయి చాలా కాలమైంది. వాళ్ళ ఊరి నీళ్ళ సంఘం ఆయనే చూసుకుంటున్నారు. ఆయన పని ఇప్పుడు నేను చేస్తున్నాను. అప్పటి నుంచి శుక్రవారాలు అందరికీ చదివి వినిపించడం ఆగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు కనబడితే పైపు ఇచ్చి పంపడం కూడా ఆగలేదు. మొన్న పైపు మోసిన కుర్రాళ్ళు అలాంటివాళ్ళే.

వాళ్ళ పైపు బిగింపు అయ్యాక దాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఎవరిది తప్పని ఆయన అడగలేదు.

"నీళ్ళచ్చినయా?"

ఫోన్ నల్లా దగ్గర పెట్టి తిప్పాను. ఆయన కాసేపు విన్నారు. తర్వాత అటు వైపు నుంచి, ఆ కొండ ఊళ్ళో ఆయన వాకిట్లోని నల్లా తిప్పిన చప్పుడు వినిపించింది.