పడుగవ్వ చేతిలో దొరకని నరం

ఆ రోజుల్లో నాకు తెలియని రక్తనాళం ఉండేది కాదు. గుండె నుంచి రక్తాన్ని మోసుకెళ్ళే ధమనికి గోడ మందం, కండబలం ఎక్కువ. తిరిగి గుండెకు తెచ్చే సిరకు గోడ పలచన, లోపల రక్తం వెనక్కి జారకుండా చిన్న చిన్న తలుపులు. ఈ రెంటినీ కలుపుతూ వెంట్రుక కన్నా సన్నని కేశనాళికలు. ల్యాబ్ డిప్లొమా పరీక్షలో ఇవన్నీ ఎరుపు, నీలం పెన్సిళ్ళతో వేసి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నాను. తీరా తిరుత్తణిలో ఒక చిన్న ల్యాబులో రక్తం తీసే పనికి చేరాక, మనుషుల చేతులకు ఆ రంగులు వేసి ఉండవని తెలిసింది. (దేవుడు బొమ్మ సరిగ్గా వేయలేదని కొన్నాళ్ళు నాకు నిజంగానే కోపం.)

ల్యాబు యజమానిని మేం చాటుగా 'రెండు పోట్ల సార్' అనేవాళ్ళం. రెండు పోట్లలో రక్తం దొరక్కపోతే సూది ఆయన చేతికి ఇచ్చేయాలి. మొదటి నెలలో మూడుసార్లు అట్లా ఇచ్చినవాళ్ళు ఇక ఇంటికి పోవచ్చు. నేను అప్పటికే రెండుసార్లు ఇచ్చాను, నెలకు ఇంకా నాలుగు రోజులుంది. అక్కడ పళ్ళిపట్టులో మా అమ్మ, మా పాపకు ఉద్యోగం వచ్చిందని మగ్గాల వీధి అంతా టముకు వేసి ఉంది. ఏ ముఖం పెట్టుకుని తిరిగి పోను?

ఆ వీధిలోనే ఉండేది పడుగవ్వ. మగ్గం మీద నిలువుగా సాగే దారాలను పడుగు అంటాం. ఆవిడ చెయ్యి పడనిదే మా వీధిలో పడుగు సాగదు కాబట్టి ఆ పేరు. డాక్టరు ఆమెకు షుగర్ పరీక్ష రాస్తే, ముందురోజు సాయంత్రం నేనే పోయి ఎట్లా రావాలో విడమరచి చెప్పి వచ్చాను. చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని అప్పట్లో నా నమ్మకం.

మార్గళి నెల చలిలో, మొదటి బస్సుకే దిగింది అవ్వ. తడి జుట్టు ముడి, నుదుట విభూతి. చెయ్యి ముట్టుకుంటే ఐసు గడ్డ. రబ్బరు పట్టీ కట్టి మోచేతి మడతలో వేలితో నొక్కి చూశాను. ఏమీ తగల్లేదు. గుడ్డిగా పొడిచాను. రాలేదు. చిరాకెత్తి పట్టీని ఇంకా బిగించాను. ఆ పట్టీ సిరలో తిరిగిపోయే రక్తాన్ని మాత్రమే ఆపాలి, లోతున ధమనిలో వచ్చే రక్తాన్ని రానివ్వాలి, అప్పుడే సిర ఉబ్బుతుంది. ఇదంతా పరీక్షలో నేనే రాశాను. కోపంలో రెంటినీ కలిపి బిగించేసరికి చెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లబడింది. రెండో పోటు కూడా వృథా. పక్క గదిలో సార్ చెప్పుల చప్పుడు.

"ఏమవ్వా, నీ ఒంట్లో రక్తం ఉందా లేదా?" అని కసిరాను.

"ఉండబట్టే కదా పాపా బస్సెక్కి వచ్చినా."

"నీళ్ళన్నా తాగినావా?"

"ఎట్ల తాగేది? నిన్న సాయంత్రం నించి పచ్చినీళ్ళు గూడా పల్లుమింద పడనియ్యలే. తెల్లారే బావికాడ చన్నీళ్ళు తలకు పోసుకుని వచ్చినా."

"ఎవరు చెప్పినారు నీకు అట్ల చెయ్యమని?"

"నువ్వే గదా! కృత్తికకు ఒక్కపొద్దు ఉన్నట్టు ఉండి రా అంటివే!"

అన్నాను, నిజమే. వట్టి కడుపుతో అని చెబితే అర్థం కాదేమోనని నా తెలివి ఉపయోగించాను. ఆమె ఒక్కపొద్దంటే నీళ్ళు కూడా ముట్టదని, చన్నీళ్ళ స్నానం అందులో భాగమని నాకు తెలియకనా? నీళ్ళు లేక సిర అణిగిపోయింది. చలికి గోడలోని కండ బిగుసుకుని, ఒంటి వేడి పోకుండా రక్తాన్ని లోపలికి లాగేసుకుంది. నాళాలు వాటి పని అవి చక్కగానే చేశాయి.

"పడుగు ఎండితే ఏం చేస్తావవ్వా?"

"నీళ్ళు చల్లుతా. లేకుంటే పుటుక్కున తెగిపోదా?"

"దారానికి చల్లుతావు, నీ నరానికి వద్దా?" (పుస్తకంలో నరం వేరు, రక్తనాళం వేరు. మా ఊళ్ళో అన్నీ నరాలే.)

అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగేసింది. వేడినీళ్ళ గ్లాసు చేతుల మధ్య పెట్టాను. అంతలో సార్ వచ్చి అవ్వ చేతిమీది రెండు దూది ముక్కల్నీ, నన్నూ చూసి చెయ్యి చాచారు. సూది ఇస్తే అది మూడోసారి.

"మీరు తాకొద్దయ్యా," అంది అవ్వ. "మా వీధి పాపే తియ్యాల. లేదంటే నేను బస్టాండుకు పోతా."

సార్‌కు కోపం వచ్చినట్టే ఉంది, అయినా గోడకు ఆనుకుని నిలబడ్డారు. అరగంట తర్వాత పట్టీ వదులుగా కట్టి వేలు పెడితే, మెత్తగా పైకి తోసింది సిర. మూడో పోటుకు గొట్టం నిండింది. సార్ సూది అడగకుండానే లోపలికి పోయారు. నాకు ఏడుపొచ్చింది. "తీసింది నా రక్తం, ఏడ్చేది నువ్వా?" అంది అవ్వ.

ఇప్పుడు నేను మణవాళనగర్‌లో ఒక ల్యాబుకు పెద్ద దిక్కును. మొన్న నాకే షుగర్ చూడాల్సి వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి రెండుసార్లు పొడిచినా రాలేదు. "ఏమ్మా, నరం కూడా పట్టలేవా? ఏం చదివినావు?" అని విసుక్కున్నాను. ఆ పిల్ల భయపడుతూ, "మేడమ్, నీళ్ళు తాగినారా?" అంది. తాగలేదు. పైగా పొద్దున్నే చన్నీళ్ళతో తలస్నానం చేసి వచ్చాను. ఆ పిల్ల వెనక గోడమీద, 'నీళ్ళు తాగి రండి' అని పెద్ద అక్షరాలతో తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి, నేనే రాసి అతికించిన కాగితాలు. చెంబు తెమ్మన్నాను.